వదిన మోటారు, నా సీలు

మా రేవులో సరంగు ఎవరని కొత్తవాళ్లు అడిగితే జనం చూపించేది మీసాల మొనగాణ్ణి కాదు. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేలాడదీసుకుని, స్టీలు గ్లాసులో టీ ఊదుకుంటూ పడవ అంచున కూచున్న అరవై ఒక్కేళ్ల మనిషిని చూపిస్తారు. ఆవిడ మా వదిన. అసలు పేరు పర్మిట్టు కాగితంలో ఉంది గాని దానితో పిలిచేవాళ్లు లేరు. ఏరు దాటేవాళ్లందరికీ ఆవిడ సరంగమ్మ. నేను వదినా అంటాను. ఆవిడ నన్ను మరిదీ అంటుంది, ఒళ్లు మండినప్పుడు పండితుడా అంటుంది. ఇక్కడ రెండో పిలుపు ఎక్కువగా వినబడితే తప్పు నాదే.

వదిన పడవ మనిషిగా పుట్టలేదు. నలభై దగ్గర పడేదాకా ఆవిడది కుట్టుపని. పడవ మా అన్నది. దాని వెనక తగిలించే చిన్న మోటారును అన్న ఎవరో వదిలించుకుంటుంటే మోసుకొచ్చాడు. అది మరీ చిన్నది. కాస్త ఒళ్లున్న మనిషి ఒంటి చేత్తో ఎత్తి భుజాన వేసుకోవచ్చు. దాన్ని తయారుచేసిన కంపెనీ అప్పటికే మూతపడింది. అన్న అయిదేళ్లు నడిపి గుండెపోటుతో పోయాడు. పడవ అమ్ముతారా అని నలుగురు వచ్చారు. పది రోజులాగి రమ్మంది వదిన. వాళ్లు పదో రోజున వచ్చేసరికి ఆవిడ ఏటి మధ్యలో ఉంది, ఇటుక బట్టీవాళ్లను ఆరుగుర్నీ ఒక సైకిల్నూ ఎక్కించుకుని. వచ్చినవాళ్లు గట్టున నిలబడి కేకేస్తే, "అవతలికైతే ఎక్కండి, బేరానికైతే పొండి" అందిట.

ఆవిడకు మోటారు ఎవరూ నేర్పలేదు. ఇరవై ఏళ్లు కుట్టుమిషను తొక్కిన చెవి అది. దారం ఎక్కడ పట్టేస్తోందో చప్పుడుబట్టి చెప్పగల మనిషికి, పెట్రోలు ఎక్కడ అడ్డుపడుతోందో చెప్పడం కష్టం కాలేదు. నట్లూ వాషర్లూ ఖాళీ పౌడరు డబ్బాల్లో వేసి, గుండీల డబ్బాల పక్కనే పెట్టేది. ఇరవై రెండేళ్లుగా ఆ మోటారు ఆవిడ మాట విని నడుస్తోంది. ఆ ఇంట్లో ఆవిడ మాట వినని యంత్రాన్ని నేనొక్కణ్ణే.

నా సంగతి కూడా చెప్పాలి, తప్పదు. పదకొండు ఉద్యోగాలు చేసి, పన్నెండోదానికి వయసు మీరిపోయిన మనిషిని. పెళ్లి చేసుకుందామనుకున్న ప్రతిసారీ ఏదో ఒక రైలు వేళయింది. తిరుగుళ్ల మధ్య విరామాల్లో వదిన ఇంటి వెనక గదిలో దిగుతాను. ఆ గదిలో మంచం మీద పుస్తకాలూ, నేల మీద నేనూ పడుకుంటాం. నాకు ఒక పాత తోలుపెట్టె ఉంది. దాని రెండు గొళ్లేలూ వదులయి నోరు మూసుకోవడం మానేస్తే, పోయినేడు వదిన తన డబ్బాలోంచి రెండు ఇత్తడి ముక్కలు తీసి గొళ్లేల్లో దూర్చి సుత్తితో కొట్టి పెట్టింది. అవి కాస్త పొడవెక్కువ. అటూ ఇటూ పొడుచుకొచ్చి నా చొక్కా చేతులు రెండు చింపాయి. ఆ మాట అంటే, "పెట్టె పళ్లు కనబడుతున్నాయంటే నవ్వుతోందని అనుకో" అంది.

ఇక వ్యవహారంలోకి వస్తాను. రేవు ఆఫీసుకు ఒక నిబంధన ఉంది. ఏడాదికోసారి ఆఫీసరు వచ్చి ప్రతి పడవా ఎక్కి అవతలి గట్టుకు వెళ్లి రావాలి. పర్మిట్టులో మోటారు పడవ అని ఉంటే మోటారు మీదే వెళ్లి రావాలి. అలా వెళ్లిరాలేని పడవ పర్మిట్టు ఆ రోజుతో రద్దు. మళ్లీ కొత్తది రాయించుకోవచ్చు, వయసు అరవై లోపయితే. వదిన విషయంలో రద్దంటే శాశ్వతంగా రద్దే. ఈ సంగతి ఆవిడ ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు. తనిఖీ వారం ముందునుంచీ అన్నం సరిగా తినదు, అంతే.

ఈ ఏడు తనిఖీ ఇరవయ్యో తేదీన. పదకొండున నేను పట్నంలో, పాత పుస్తకాల కొట్టు మెట్ల మీద కూచుని, కొననవసరం లేకుండా ఒక పుస్తకం పూర్తిచేసే ప్రయత్నంలో ఉన్నాను. ఫోను మోగింది.

"మరిదీ, పట్నంలోనే ఉన్నావా?"

"ఉన్నాను వదినా."

"మోటారు సీలు పోయింది." నాకు వినబడ్డది అదే. పక్కన ఒక బస్సు హారను కొడుతూ నిలబడి ఉంది. "ఏటి మధ్యలో పోయింది. ఇరవయ్యో తేదీ గుర్తుందిగా. ఓ నాలుగు పట్టుకురా. ఎప్పుడూ తెచ్చే చోటే, వంతెన కింద..."

"నాకు తెలుసు వదినా."

"నీకేం తెలుసు? చెప్పేది విను. వంతెన కింద..."

"మోడలు నంబరుతో సహా తెలుసు. నువ్వు నిశ్చింతగా ఉండు."

పెట్టేశాను. ఎదుటివాళ్ల వాక్యం సగం వినగానే మిగతా సగం నాకు దానంతటదే తోస్తుంది. డెబ్బై ఏళ్లుగా అలా తోచిన సగాల్లో ఎన్ని సరిపోయాయో తిరిగి చూసుకునే ధైర్యం మాత్రం ఇంతవరకు చెయ్యలేదు.

నాకు తెలుసన్నది పూర్తిగా కోత కాదు. ఆ మోటారుతోపాటు వచ్చిన పరాయిభాష పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. మోటారును ఒక్కసారీ విప్పనివాణ్ణి కూడా నేనే. గేరుపెట్టెలోకి నీళ్లు పోకుండా ఇరుసు చుట్టూ బిగిసి ఉండే రబ్బరు కట్టు సీలు. దాని లోపలి కొలత, బయటి కొలత, మందం, మూడూ నా నోటుబుక్కులో ఉన్నాయి. ఎందుకు రాసుకున్నానో అప్పుడు తెలియదు. ఆ పూట మాత్రం దూరదృష్టి అని నామకరణం చేసుకున్నాను.

మోటారు సామాన్ల వీధిలో మొదటి కొట్టతను కంప్యూటరులో మోడలు నంబరు కొట్టి చూశాడు.

"ఇది లేదు తాతగారూ."

"కొట్లో లేదా?"

"లోకంలో లేదు."

రెండోది పాత ఇనుము కొట్టు. అక్కడ గుట్టగా పడి ఉన్న పడవ మోటార్లలో మా మోటారు తలకాయ కనబడి నాకు ప్రాణం లేచొచ్చింది. ఎత్తి చూస్తే లోపల ఒక పిల్లి, దాని మూడు పిల్లలు. కొట్టు యజమానురాలు, "సీలు కావాలంటే వెతుక్కోండి గాని దాని నిద్ర చెడగొట్టకండి" అంది. పిల్లిని అడిగి లాభం లేదని వచ్చేశాను.

మూడు రోజులు అలా గడిచాక ఒకాయన, పక్క ఊళ్లో డాక్టరున్నాడు, ఆయన దగ్గరికి వెళ్లండి అన్నాడు. నా ఆరోగ్యం గురించేమో అనుకున్నాను. కాదు, పాత యంత్రాలకు డాక్టరు. బస్సులో ఒళ్లో పెట్టుకున్న పెట్టె పొడుచుకుని పక్కామె శాలువా దారం లేచొచ్చింది. దిగేదాకా ఆవిడ నన్నూ పెట్టెనూ మార్చి మార్చి చూసి, చివరికి పెట్టెనే క్షమించింది.

డాక్టరుది ఇరుకు గది. గోడ నిండా మేకులు, ప్రతి మేకుకూ సీళ్ల దండ. ఆయనకు సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు. నేను చెప్పిందంతా విని అడిగాడు.

"సీలు పోయిందని ఎలా తెలిసింది? గేరు నూనె తెల్లబడిందా?"

నేను చూడలేదు అంటే సరిపోయేది. ఆ మాట అనడం నాకు రాదు.

"తెల్లబడింది."

"పాలలాగానా?"

"చిక్కటి పాలలాగా."

"అయితే సీలే" అన్నాడు. నేను పాలు కలపకపోతే, ఆ మనిషి ఇంకో ప్రశ్న వేసి ఉండేవాడు, నా తిప్పలన్నీ అక్కడితో తీరేవి. ఆ సంగతి తరవాత తెలిసింది.

ఆయన నా కొలతలు చూసి చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తరవాత చెప్పాడు. ఒక రకం పాత బట్టలుతికే మిషను సీలూ, మా మోటారు సీలూ కవలపిల్లలట. మూడు కొలతలూ ఒకటేనట. మూడో ఊళ్లో ఆ మిషన్లు బాగుచేసే ఒకాయన ఇంకా బతికున్నాడట. ఈ విద్య చూసి నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. అక్కడినుంచే వదినకు ఫోను చేశాను.

"వదినా, అసలు తయారుచేసే చోటు మూసేశారు. వేరే ఊరొచ్చాను."

"అయ్యో, మూసేశారా? మేస్త్రి బాగానే ఉన్నాడా?"

డాక్టరు వైపు చూశాను. ఆయన టీలో బిస్కెట్టు ముంచుకుంటున్నాడు. "నిక్షేపంలా ఉన్నాడు."

"మరైతే ఆయన్నే కోసిమ్మను. ఎంతసేపు పని?"

"కోసేది కాదు వదినా, అచ్చులో పోసేది. ఇంకో రెండ్రోజులు పడుతుంది."

"దానికి అచ్చెందుకు? సరే, అదంతా వదిలెయ్యి. నీ పెట్టె ఉందా? ఆ పెట్టెకు..."

"పెట్టె భద్రంగా ఉంది" అని, మిగతాది నాకు తోచింది కనక పెట్టేశాను. ఆ సాయంత్రం ఫోను చచ్చిపోయింది. ఛార్జరు రేవులో, వెనక గదిలో, ఏదో నిఘంటువు కింద ఉంది.

మూడో ఊళ్లో మిషన్ల ఆయన నాలుగు లేవు, ఒకటే ఉందన్నాడు. పద్దెనిమిదో తేదీ మధ్యాహ్నం ఆ సీలు నా అరచేతిలో పడింది. నల్లగా, గుండ్రంగా, లోపలి అంచున సన్నటి తీగచుట్టతో. ఎంత అందంగా ఉందంటే, తిరుగు ప్రయాణంలో మూడుసార్లు విప్పి చూసుకున్నాను. నా జీవితంలో వెతికి దొరికించుకున్న వస్తువు అదొక్కటే.

ఇరవయ్యో తేదీ పొద్దున్నే రేవులో దిగాను. వదిన పడవ అవతలి గట్టునుంచి వస్తోంది. తెడ్లు వేసుకుంటూ. మోటారు మీద ఎనిమిది నిమిషాల దూరం అది. నేను గట్టున ముప్పావుగంట నిలబడ్డాను. దగ్గరికొచ్చాక చూశాను, రెండు అరచేతులకూ దుప్పటి పేలికలు చుట్టి ఉన్నాయి. అవతలి గట్టునుంచి రోజూ మా ఊరి ఆసుపత్రికి వచ్చే నర్సమ్మ పడవలోంచి దిగుతూ నా వైపు చూసి, "వచ్చారా ఎట్టకేలకు" అని వెళ్లిపోయింది. తొమ్మిది రోజులుగా ఆవిడ ఒక తెడ్డు తనే వేస్తోందని తరవాత తెలిసింది.

నేను పొట్లం తీసి వదిన చేతిలో పెట్టాను. ఆవిడ విప్పింది. కళ్లద్దాలు పెట్టుకుంది.

"ఇదేమిటి?"

"సీలు."

"ఎందుకు?"

"పోయిందన్నావుగా."

వదిన కళ్లద్దాలు తీసేసింది. "మరిదీ, నేను సీల పోయిందన్నాను."

సీల. చీల. చిన్న మేకులాంటి కడ్డీముక్క. బండి ఇరుసుకు వేస్తారు, తలుపు చట్రానికి వేస్తారు. ఈ చీల అనే మాట మీద, అందులో చకారం నలుగురి నోళ్లలో పడి సకారమయిన తీరు మీద, నేను ఒకప్పుడు ఒక పత్రికలో రెండు పేజీల వ్యాసం రాశాను. జనం నోటి మాటను చెవి పెట్టి వినాలని అందులో పాఠకులకు హితవు కూడా చెప్పాను. ఆ మాట ప్రాణంతో వచ్చి నా చెవిలో పడితే, రబ్బరు ముక్క అనుకుని మూడు ఊళ్లు తిరిగాను.

నీళ్లలో తిరిగి పడవను నెట్టే మోటారు పంకాను ఇరుసుకు పట్టి ఉంచేది ఆ సీల. వేలిలో సగం ఉంటుంది. మెత్తటి ఇత్తడి. పంకాకు నీళ్లలో ఏ దుంగో రాయో తగిలితే అది పుటుక్కున తెగుతుంది. పట్నంలో వంతెన కింద లేతు మిషను మేస్త్రి ఒక కడ్డీ మీద పావుగంటలో డజను కోసిస్తాడు. వదిన దగ్గర చివరిది తెగిపోయింది. అంతే జరిగింది.

"పోనీ ఓ ఇనప మేకు దూర్చలేకపోయావా వదినా?" అన్నాను. తప్పు కొంతైనా అటు జరుపుదామని.

"మేకు తెగదు. అది తెగకపోతే లోపల గేరు పళ్లు తెగుతాయి. తెగడానికే దాన్ని పెట్టేది, పండితుడా. కర్రముక్క చెక్కి పెట్టాను, తాడు లాగగానే పోయింది." ఆవిడ పేలికలు సర్దుకుంది. "మేస్త్రి కొట్టు నిజంగా మూసేశాడా?"

"నేను అటు వెళ్లలేదు."

ఆవిడ పొద్దు ఎంతయిందో చూసింది. ఆఫీసరు పది గంటలకు వస్తాడు. పట్నానికి వెళ్లి రావాలంటే సాయంత్రమవుతుంది. గట్టున నిలబడి నేను నోటుబుక్కు తీశాను, అందులో దీనికి మందేదైనా ఉందేమోనని. అలవాటు.

"నీ పెట్టె ఇలా పెట్టు" అంది వదిన.

సుత్తీ, ఒక మేకూ తీసింది. పెట్టెను పడవ బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, గొళ్లెంలోని ఇత్తడి ముక్కను మేకుతో రెండు దెబ్బలు కొట్టి బయటికి తోసింది. తరవాత రెండోది. చీర అంచుతో తుడిచి వెలుగులో పెట్టి చూసింది. రెండు సీలలు. నా చొక్కాలు చింపినవి, శాలువా దారం లాగినవి, డాక్టరు బల్ల మీద నా మోచేతి పక్కనే గంటసేపు కూచున్నవి.

"ఫోన్లో ఇదే చెప్పబోయాను. పెట్టె భద్రంగా ఉందన్నావు."

"భద్రంగానే ఉందిగా" అన్నాను. ఆవిడకు నవ్వొచ్చింది గాని ఖర్చు పెట్టలేదు.

ఆఫీసరు పది దాటాక వచ్చాడు. కుర్రతనం వదలని ముఖం, చేతిలో గొడుగు. బూట్లు విప్పి సంకలో పెట్టుకుని ఎక్కాడు. నన్నూ ఎక్కమంది వదిన, బరువుకి. వదిన తిరిగిచ్చిన సీలును పెట్టెలో వేసి, గొళ్లేల్లేవు కనక దాని మూత మీద రెండు చేతులూ వేసుకుని ముందు భాగాన కూచున్నాను. మూడో లాగుకు మోటారు అందుకుంది. వదిన తల కొంచెం పక్కకు వంచి చప్పుడు విని, కుదిరిందన్నట్టు భుజాలు దించింది. ఎనిమిది నిమిషాల్లో అవతలి గట్టు తాకాం. ఆఫీసరు ఏదో రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు నడి ఏట్లో ఠప్పుమంది. మోటారు గొంతు చించుకుంటోంది, పడవ కదలడం లేదు. నీళ్ల కింద దుంగ. ప్రవాహం మమ్మల్ని, ఆ ఏటి మీద ఎప్పుడో కూలిన పాత వంతెన మొండి స్తంభాల వైపు లాగుతోంది. నేను లేవబోయాను. చేతులెత్తగానే పెట్టె నోరు తెరిచింది. రెండు నిఘంటువులూ, నాలుగు చొక్కాలూ, ఒక దువ్వెనా పడవలో పరుచుకున్నాయి. సీలు దొర్లుకుంటూ వెళ్లి ఆఫీసరు కాలిబొటనవేలికి ఉంగరంలా తొడుక్కుంది.

"కూచో" అంది వదిన. నన్నే.

మోటారు ఆపింది. వెనక్కి ఎత్తి పంకాను నీళ్లపైకి తెచ్చింది. పడవ అంచు మీదికి వంగి, పేలికలు విప్పేసి, పచ్చిగా ఉన్న వేళ్లతో పని మొదలుపెట్టింది.

"ఎంతసేపు పడుతుందమ్మా?" ఆఫీసరు స్తంభాల వైపు చూస్తున్నాడు.

"ఎండ కళ్లలో కొడుతోంది బాబూ. ఆ గొడుగు ఇలా పట్టండి."

ఆయన పట్టాడు. పంకా ఊడింది, తెగిన ముక్కలు రాలాయి, నోట్లో పెట్టుకున్న రెండో సీల లోపలికి దూరింది, పంకా ఎక్కింది. ఒక్క లాగుకే మోటారు పలికింది. స్తంభాలు ఇంకా పాతిక గజాల దూరంలో ఉన్నాయి. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. నాలుగు నిమిషాలు.

వదిన తెగిన ముక్కను ఆయన అరచేతిలో వేసింది. ఆయన తిప్పి తిప్పి చూశాడు. "మోటారు పాడయిందనుకున్నాను."

"ఇదే పాడయింది. మోటారు పాడవకుండా."

గట్టు చేరాక ఆఫీసరు మోకాలి మీద కాగితం పెట్టుకుని రాయడం మొదలుపెట్టాడు. వయసు అని ఉన్నచోట కలం ఆగింది. వదిన పడవ తాడు కట్టుకుంటోంది, అటు చూడలేదు. కట్టిన ముడినే మళ్లీ విప్పి కట్టింది.  నడి ఏట్లో పంకాను మాత్రం ఒక్కసారికే బిగించింది.

"అరవై ఒకటి" అని తనే చదువుకున్నాడు ఆఫీసరు. "పాతది కొనసాగించడమే కాబట్టి ఇబ్బంది లేదు." సంతకం చేశాడు. బ్యాగంతా తడుముకుని నాలుక కరుచుకున్నాడు. "అయ్యో, ఆఫీసు ముద్ర మర్చిపోయానమ్మా. దీనికి సీలు పడాలి. సీలు తేవాలి."

వదిన తల తిప్పి నా వైపు చూసింది.

"బాబూ, ఆ మాట మా మరిది ముందు అనకండి. ఇంకో తొమ్మిది రోజులు మాయమవుతాడు."

ముద్ర మర్నాడే పడింది. ఆ మర్నాడు నేను వంతెన కిందికి వెళ్లి, మేస్త్రికి సీలలు అని మూడుసార్లు చెప్పి, ఆయన చెప్పిందంతా చివరిదాకా విని, డజను కోయించుకొచ్చాను. ఆరు పౌడరు డబ్బాలో, ఆరు గుండీల డబ్బాలో వేసింది వదిన. నా సీలును కూడా పారెయ్యలేదు. ఏదో ఒకనాటికి మోటారులోని సీలూ పోకపోదు, అప్పటికి పనికొస్తుందని డబ్బా అడుగున పెట్టింది. రబ్బరు మంచిదేనని ఒప్పుకుంది కూడా.

నా పెట్టెకు మాత్రం సీలలివ్వనంది. మోటారు పాత తాడు ఇచ్చి, దాంతో నాలుగు చుట్లు కట్టుకోమంది. ఆ ముడి విప్పడానికి నాకు పట్టే సమయంలో, ఎదుటి మనిషి మాట్లాడేది పూర్తవుతుందట.